మధ్యలో మొదలైన గోడ

జూలై 8, సోమవారం

అరవై రెండు రికార్డులు దిద్దాను. ఉల్లి వేరు కొనలో కణవిభజన. అరవై ఒక్క బొమ్మలు టెక్స్ట్‌బుక్‌లోంచి ఊడిపడ్డట్టున్నాయి. ఒక్కటి మాత్రం వేరేగా ఉంది. కణాలు వంకరటింకరగా ఉన్నాయి. ఒక కణంలో మధ్యన చిన్న గీత, రెండు అంచులకీ తగలకుండా ఆగిపోయింది. ‘గోడ అసంపూర్ణం, మళ్ళీ వేయాలి’ అని ఎర్ర ఇంకుతో రాసి, పదికి రెండు వేశాను. వెనక బెంచీ అమ్మాయిది. గొంతు పెగలదని క్లాసంతా గుసగుస అని పిలుస్తారు.

జూలై 9

గుసగుస స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. నాకు అలాగే కనబడింది మేడమ్ అంది. ప్రాక్టికల్ రోజు అందరూ లెన్స్‌లోకి ఓసారి తొంగి చూసి పుస్తకం తెరిచారు. ఈ పిల్ల మాత్రం బెల్లు కొట్టేదాకా కన్ను తీయలేదు. నేనే చూశాను. అయినా పుస్తకంలో ఉన్నట్టు వెయ్యమన్నాను.

మీరెప్పుడైనా చూశారా మేడమ్ అని అడిగింది.

పంతొమ్మిదేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను అన్నాను. ఫిజిక్స్ మేడమ్ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. అది జవాబు కాదని అన్నప్పుడే తెలుసు.

జూలై 11

గుసగుస గ్రూపు మారతానని అప్లికేషన్ పెట్టింది. క్లాస్ టీచర్‌గా నా సంతకం కావాలి. వాళ్ళమ్మ వచ్చింది, బట్టలు కుడుతుంది. కోపంగా ఏమీ లేదు. చూసింది చూసినట్టు గీస్తే తప్పన్నారటగా అని మెల్లగా అడిగింది. కొలిచింది ఒకటీ రాసుకున్నది ఒకటీ అయితే చొక్కా ఒంటికి పట్టదు కదమ్మా, మరి ఈ చదువులో ఎలాగో నాకు తెలీదు అంది.

రెండు రోజులు ఆగమన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

జూలై 12

అటక మీద నా డిగ్రీ రికార్డు దొరికింది. బొమ్మలన్నీ సీనియర్ అక్క రికార్డులోంచి దించినవే. నేను చూడనే లేదు.

జూలై 15, ఉదయం 6:40

మూడు గ్లాసుల నీళ్ళ మీద మూడు ఉల్లిపాయలు, వంటింటి కిటికీలో. వేళ్ళు రావాలి. అత్తయ్యకి చెప్పడం మర్చిపోయాను. ఒకదాన్ని అప్పుడే తరిగేసింది. దీనికి స్నానం ఎందుకు చేయిస్తున్నావే అని అడిగింది.

జూలై 19, శుక్రవారం

వేళ్ళ కొనలు నిన్న పొద్దున్నే కోసి ద్రావణంలో వేసి ఉంచాను. ఇవాళ లంచ్ మానేసి ల్యాబ్‌లో కూర్చున్నాను. మొదటి స్లైడ్ ముద్దయింది. రెండోదానికి రంగు పట్టలేదు. మూడోది బొటనవేలితో నొక్కితే కవర్ స్లిప్ పుటుక్కుమంది. అటెండర్ వెనకాల నిలబడి, చిన్నగా నొక్కండమ్మా, అది వేరు, దోమ కాదు అన్నాడు.

అయిదోది కుదిరింది.

ముందు ఏమీ అర్థం కాలేదు. ఊరికే కిటకిటలాడే కణాలు. చాలావాటిలో ఏమీ జరగడం లేదు. జరుపుతూ జరుపుతూ పోతే ఒకచోట ఎర్రటి దారప్పోగులు రెండు జట్లుగా చెరోవైపుకీ చేరి ఉన్నాయి. వాటి మధ్య సన్నటి గీత. అంచులకి తగలలేదు.

జంతుకణం నడుము నొక్కుకుని రెండవుతుంది, మొక్క కణం మధ్యలో గోడ మొదలుపెట్టి అంచులదాకా పెంచుకుంటుంది. ఈ మాట ఏటా నా నోటితోనే చెబుతాను. పిల్లల చేత రెండేసి సార్లు అనిపిస్తాను కూడా. పెరుగుతున్న గోడని ఒక పిల్ల చూసి గీసి తెస్తే, అసంపూర్ణం అని కొట్టేశాను.

అటెండర్‌ని చూడమన్నాను. చాలాసేపు చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఈ మైక్రోస్కోపులు తుడుస్తున్నాను గానీ లోపలేముందో ఎవరూ చూడమనలేదమ్మా అన్నాడు.

జూలై 22

క్లాసులో చెప్పేశాను. తప్పు నాదని, డిగ్రీలో నేనూ చూసి గీయలేదని. ఎర్ర ఇంకు మాట కొట్టేసి పదికి పది వేశాను. గుసగుస నవ్వలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు. చెప్తుందని నేనెందుకు ఎదురుచూశానో!

మరి మావి అని ముందు బెంచీ గోల. అందరం మళ్ళీ చేద్దాం, నాతో సహా అన్నాను.

సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచాడు. సిలబస్ నత్తనడక నడుస్తుంటే ఉల్లిపాయలతో ఆటలేమిటన్నాడు. పిల్లల ముందు టీచరు తప్పు ఒప్పుకుంటే రేపు ఎవరు వింటారన్నాడు. సంజాయిషీ రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. ఒకే వాక్యం: చూడకుండా దిద్దాను.

అప్లికేషన్ ఇంకా నా దగ్గరే ఉంది. సంతకం చెయ్యమంటే చేస్తానని గుసగుసతో అన్నాను. ఆలోచించుకుంటానంది.

జూలై 26

అప్లికేషన్ వెనక్కి తీసుకుంది. కారణం చెప్పలేదు.

జూలై 29

ల్యాబ్. గుసగుస తన స్లైడ్ తనే చేసుకుంది. పక్కనే నిలబడి, ఏం కనబడుతోందని అడిగాను. కన్ను తీయకుండానే, క్లాసంతా వినబడేలా అంది: “కొంచెం జరగండి మేడమ్, వెలుతురుకి అడ్డొస్తున్నారు.”

జరిగాను.