అందరికంటే ముందు అక్క

ఒరేయ్ తమ్ముడూ,

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేమిటని నవ్వకు. తెల్లారగానే వెళ్ళిపోయి, కళ్ళు మూతలు పడుతుంటే ఇంటికొచ్చే వడ్రంగితో మాట్లాడే వీలెక్కడిది?

నా చక్రాల కుర్చీ వీధిలోకి దిగడానికి మెట్ల మీద ఏటవాలు బల్ల చేసిస్తానన్నావు. "అందరికంటే నువ్వే ముందక్కా" అని రోజూ కాఫీ తాగుతూ అంటావు. ఇంతలో ఎవరో అర్జెంటంటారు, నువ్వు రంపం పట్టుకుని పరుగు. ఊళ్ళోవాళ్ళ తలుపులన్నీ బిగించావు గానీ, నేను మన గుమ్మం దాటలేదు.

సోమవారం నుంచి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగానికి వెళ్ళాలి. దరఖాస్తు పెట్టించిందీ నువ్వే, వచ్చిందని గంతులేసిందీ నువ్వే. అందుకే తిట్టడానికి నోరు రావడం లేదు.

ఇవాళ పక్కింటి పిన్నీ నేనూ పాత మంచం చెక్క మెట్ల మీద వేశాం. "పడ్డావంటే మీ తమ్ముడు నన్ను బతకనివ్వడే!" అంటూనే వెనక గట్టిగా పట్టుకుంది. దిగిపోయాను! సంతోషం ఆగక, నీకు చూపిద్దామని నీ షాపుకే వచ్చేశాను.

తీరా చూస్తే, మహానుభావా, నీ షాపుకీ మెట్లే! రంపం మోతలో నా కేకలు నీకు వినబడడం లేదు. తలుపుల కోసం నిన్ను తొందరపెట్టడానికి వచ్చిన హోటలాయన మెట్ల దగ్గర కనిపిస్తే, ఆయన దగ్గరున్న కాగితం మీదే ఇది రాసి ఆయన చేతికే ఇస్తున్నాను. "నా తలుపులు రేపైనా ఫర్వాలేదమ్మా" అంటున్నారు.

కొలతలు తర్వాత తీసుకుందువుగాని. ముందు బయటికి రా. వీధిలో నేనెలా ఉన్నానో నువ్వు చూడాలి.

మీ అక్క