హాజరు పట్టీలో గంగమ్మ

అయ్యవారూ,

ఈ ఉదయం పదకొండు గంటలకు, బడి మానిన పిల్లలున్న ఊళ్ల జాబితా నుంచి మీ ఊరి పేరు కొట్టేశారు. మీరు పోయి నేటికి ఏడాది. పేరు కొట్టేసిన ఆ సమావేశం పావగడ తాలూకా ఆఫీసులో జరిగింది; పత్రికకు వార్త రాయడానికి వెళ్లాను. పిల్లల హక్కుల మీద ప్రపంచ దేశాల ఒప్పందంలో మన దేశమూ చేరింది కనుక లెక్క పైకి పంపాలట. పనికి పోయే పిల్లల కోసం పెట్టే సాయంత్రం బడి ఆ జాబితాలోని ఊళ్లకే ఇస్తారు.

వాళ్లకు ఆధారం నిరుడు మీరు రాసిన హాజరు పట్టీ. విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచే రోజుల్లో ఆడపిల్లలు రాకపోయినా, బడి ఎత్తేస్తారన్న భయంతో మీరు అందరికీ హాజరు వేసేవారు. నాకు తెలుసు. నేనూ రాయలేదు.

మధ్యాహ్నం మీ ఊరు వెళ్లాను. మీరు ‘టీచరమ్మా’ అని ఏడిపించిన గంగమ్మ బొటనవేలికి గుడ్డ చుట్టుకుని కాయలు ఒలుస్తోంది. సంగతి చెప్పాను.

“నేను దినామూ బడికి పోతాండానంటనా సార్? అట్లయితే ఈడ కూచోనుండేది ఎవురు?”

వాళ్లమ్మ నవ్వింది. గంగమ్మ నవ్వలేదు.

“అయితే ఆ మాపటి బడి మాకు రాదా?”

బడి మానిన పిల్లలే లేని ఊరని రేపు పది గంటలకు మీ బడిలో అభినందన సభ. గంగమ్మను పలకతో ముందు వరసలో కూర్చోబెడతారు. పదకొండుకల్లా ఒలుపుకు పంపమని కాయల ఆసామి చెప్పి ఉంచాడు.