ఆరు ముసలి డబ్బాలు

బావా,

మన పఠనమందిరంలోని ఆరు పాత కంప్యూటర్లనూ తుక్కు బండికి ఎత్తెయ్యమన్నాడు మా బాబాయి, కార్యదర్శినన్న పొగరుతో. "ముసలి డబ్బాలురా! అరగంటకి గానీ కళ్లు తెరవవు. రేపు పదింటిలోగా ఆరూ పనిచేస్తే బండిని వెనక్కి పంపుతా" అని నవ్వాడు.

కానీ బావా, పేదవాడికీ సరికొత్తదే కావాలని ఉపన్యాసం దంచి, అవి మోయలేని బరువైన ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాటి నెత్తిన ఎక్కించింది నేనే. ఆ మాట బాబాయితో అనడానికి నోరు రాలేదు.

నువ్విచ్చిన తేలికపాటి సిస్టమ్ లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌తో ఇవాళ ఒకదానిలో వేస్తే నిమిషంలో లేచింది. మందిరానికి వచ్చే కుట్టుపని అక్క తన ఉద్యోగ దరఖాస్తు దాని మీదే పూర్తిచేసింది. మిగతా ఐదింటికీ ఒక్కొక్కటిగా వేస్తూ పోతే పదింటిలోగా కాదు, నా ఒక్క పెన్‌డ్రైవ్ చాలదు.

తప్పు నాదని అందరి ముందూ ఒప్పుకుంటాను. నీ దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లన్నింటిలో ఆ లినక్స్ ఎక్కించి తీసుకుని, నీ స్నేహితులతో రేపు ఉదయం ఏడింటికల్లా పఠనమందిరానికి రా.