తమ కారు కింద ఉన్న మావాళ్ల గురించి

అయ్యా,

విషయం: తమ కార్యాలయ ఆవరణలో వాహనాలు నిలుపు చోట ఉన్న మా కుటుంబ సమాధుల స్థలాన్ని గుర్తించి, మా వదిన నిమిత్తం అందులో ఒక మనిషి పట్టే జాగా ఇప్పించుట గురించి.

సమాధి రాళ్లు చెక్కి బతికే నేను విన్నవించుకొనునది ఏమనగా, ఇదే సంగతిపై ఇదివరకు పెట్టుకున్న అర్జీలు తమ కార్యాలయంలోనే ఎక్కడో ఉండవలెను. అవి కనబడుటలేదని గుమాస్తా గారు సెలవిచ్చినందున మళ్లీ మొదటినుంచి రాయుచున్నాను. తమకు చదివే అలవాటు తప్పి ఉంటే ఎవరిచేతనైనా చదివించుకొనగలరు.

1. సదరు స్థలాన్ని మా ముత్తాత కొన్నాడు. ముళ్లపొదలు తప్ప ఏమీ మొలవని నేల గనుక చచ్చినవాళ్లకు సరిపోతుందనుకున్నాడు. మొదట ఆయనే వెళ్లి పడుకున్నాడు. తర్వాత మా తాత, నాయనమ్మ, అమ్మ, ఆవిడ చివరి కాన్పులో పుట్టి పేరు పెట్టకముందే పోయిన మా చెల్లెలు, నాన్న, చివరికి మా అన్న. అందరూ ఒక వరసలో ఉన్నారు. తమ కార్యాలయంలో ఏ వస్తువూ అంత వరసలో లేదు.

2. ఊళ్లో ఎవరు పోయినా తలరాయి చెక్కేది మా ఇంటివాళ్లే. కాని మా సొంతవాళ్లకు ఒక్క రాయీ పెట్టలేదు. "రాయి మనకు కూడు పెడుతుంది. దాన్ని తెచ్చి మన నెత్తినే పెట్టుకుంటే కూలి ఎవడిస్తాడ్రా?" అన్నాడట ముత్తాత. అది పొదుపో పొగరో తెలియదు గాని, ఆ మొండిమాటను మా ఇంట్లో శాసనంలా పట్టుకు వేలాడారు. ఎవరు ఎక్కడున్నదీ ఇంటి ఆడవాళ్లు గుర్తుపెట్టుకునేవారు. తమ సర్వేయరు వచ్చినప్పుడు మేమంతా పొరుగూళ్లో పనిమీద ఉన్నాము. ఆయన కంచె అవతలినుంచే తొంగిచూసి "ఖాళీ స్థలం, ఎవరూ లేరు" అని రాసుకుపోయాడు. లోపలివాళ్లు లేచి వచ్చి పలకరించలేదని ఆయన బాధ కాబోలు. మేము తిరిగి వచ్చేసరికి గోడ లేచింది, బండలు పరిచారు, తమ కారు నిలబడి ఉంది.

3. గుమాస్తా గారిని అడిగితే, "రాయి లేదు, రాత లేదు. మీవాళ్లు అక్కడున్నారని ఎవరు చెప్పాలయ్యా? రాళ్లు చూపించు, అప్పుడు చూద్దాం" అన్నారు. చేతిలో ఉన్న పని గదా అని నేను మావాళ్లందరికీ రాళ్లు చెక్కి, తీసుకెళ్లి గోడవారగా నిలబెట్టాను. నా బుద్ధి గడ్డి తిన్నది. "అక్షరాలు కొత్తగా ఉన్నాయి" అని కనిపెట్టి తమవాళ్లు నామీద ఆక్రమణ నోటీసు రాశారు. రాళ్లు జప్తు చేశారు. మా తాత పేరున్న రాయి ప్రస్తుతం తమ కార్యాలయం వెనక కుళాయి దగ్గర పడి ఉన్నది. తమ బంట్రోతు దానిమీద టీ గ్లాసులు కడుగుచున్నాడు. రాయి నున్నగా ఉందని మెచ్చుకున్నాడు కూడా.

4. పోనీ తవ్వి చూడండి, ఎముకలు అబద్ధం చెప్పవు కదా అన్నాను. సమాధులు తవ్వాలంటే శ్మశానాల విభాగం అనుమతి కావాలట. అది శ్మశానం కాదు గనుక ఆ విభాగం అనుమతి ఇవ్వదట. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడితో ఎలాగో వాదించవచ్చును. కుందేలే లేదనేవాడితో ఏం వాదించను? అక్కడ ఎవరూ లేరని రెండోసారి కూడా రాసి, ముద్ర వేసి నా చేతిలో పెట్టారు.

5. ఇక అసలు సంగతి. మా వదిన మంచాన పడింది. అమ్మ పోయినప్పుడు నేను పాలు మరవని పిల్లవాణ్ణి. అప్పటినుంచి నన్ను పెంచింది ఆవిడే. అన్న పక్కన ఆవిడకు జాగా వదిలి ఉంచాము. మొన్నమధ్య కాస్త ఓపిక ఉన్నప్పుడు కర్ర పట్టుకుని తమ ఆవరణకు వచ్చి, తమ డ్రైవరుతో, "బాబూ, కారు కొంచెం వెనక్కి తియ్యి నాయనా, మా ఆయన కాళ్లమీద ఉంది" అన్నది. అతను మారుమాట లేకుండా తీశాడు. తమ కార్యాలయంలో మా విన్నపం మన్నించినవాడు అతనొక్కడే. ఇంటికి వచ్చాక వదిన నాతో, "నన్ను ఆయన పక్కన పెట్టకపోయావో, నీ మొహం చూడనురా" అన్నది. "అప్పుడు ఎలాగూ చూడలేవు కదా వదినా" అన్నాను. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదయ్యా. నేను అది చేయలేనేమోనని భయంగా ఉంది.

6. పోయిన వానలకు సరిగ్గా మా అన్న పక్కన నేల కుంగి, తమ కారు ముందు చక్రం దిగబడినది. అర్జీలకు కదలని తమరు చక్రానికి కదిలారు. అక్కడి బండలు లేపి, కింద గట్టిచేసి, తిరిగి పరవవలసినదిగా నాకే ఉత్తర్వు పంపారు. ఊళ్లో రాతిపనివాడు ఇంకొకడు లేకపోవుట తమ దురదృష్టం.

కావున ఆ కాస్త జాగా మా వదినకు విడిచిపెట్టవలసినదిగా ప్రార్థన. ఇదంతా చిత్తగించవలెను, చిత్తమనేది ఉంటే.

తమ విధేయుడు, వేరే దారి లేక,
రాళ్లు చెక్కేవాడు

తా.క.: పై అర్జీ తమ గుమాస్తా బల్లమీద పెట్టేలోపే వదిన పోయింది. ఆదివారం పట్టపగలు నేనూ, నా కొడుకూ, అల్లుడూ తమ ఉత్తర్వు ప్రకారం వచ్చి బండలు లేపాము. తమ కాపలావాడు ఏమీ చూడలేదు. చూడకుండా ఉండుట అతను తమ కార్యాలయంలోనే నేర్చుకున్నాడు. తవ్వుతుంటే అన్న అక్కడే ఉన్నాడని చేతికి తెలిసింది. అంతకుమించి రాయలేను. ఆవిడను ఆయన పక్కనే పడుకోబెట్టి, మన్ను దిమ్మిస కొట్టి, బండలు పరిచాము. ఇక కుంగదు.

నామీద కేసు పెట్టాలని తమకు తోచవచ్చును. తప్పకుండా పెట్టండి. కాని పెట్టాలంటే, ఆ చోట మనుషులను పాతిపెట్టి ఉన్నారని ముందు తమ చేత్తో రాసి సంతకం చేయవలెను. రాసినప్పుడు నాకొక నకలు ఇప్పించగలరు. ఇన్నేళ్లుగా నేను అడుగుతున్నది ఆ కాగితమే.