వద్దన్నది ఎవరు

బిట్రగుంట,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి మెర్లిన్‌కు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ మీ నాయనమ్మా బాగానే ఉన్నాం. ఆమెకు చెవుడు కొంచెం పెరిగింది, నోరు మాత్రం తగ్గలేదు. విశాఖపట్నంలో నువ్వూ అల్లుడూ పాపా క్షేమంగా ఉన్నారని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. ఒంట్లో బాగా లేని మనిషి అంత ఘాటుగా రాయలేదులే. ఫోన్‌లో అయితే మాటా మాటా పెరుగుతుందని కాగితం మీద పెట్టానన్నావు. మంచి పని చేశావు. ఫోన్ అయితే సగంలో పెట్టేస్తావు. ఉత్తరమైతే కోపమొచ్చినా చివరిదాకా చదువుతావని నా ఆశ.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. ‘పదో తరగతిలో నన్ను పరుగు మాన్పించిన దానివి, ఈ వయసులో నువ్వు ఏ ముఖం పెట్టుకుని పరుగెడుతున్నావు’ అని అడిగావు చూడు, దాన్ని మాత్రం చివరికి ఉంచుకున్నాను.

మొదటిది మోకాళ్ళు. అరిగిపోతే అరిగిపోనీ. ఇన్నేళ్ళు దాచిపెట్టుకుని ఏం చేశాను వాటిని? రెండోది ట్రాక్ ప్యాంటు. నేను ప్యాంటు వేసుకుని పరుగెడుతున్న వీడియో మీ అత్తగారి చెల్లెలి ఫోన్‌దాకా వెళ్ళిందనీ, ఆ ఇంట్లో నీకు తలెత్తుకోలేకుండా ఉందనీ రాశావు. చీరతో పరుగెత్తి, కుచ్చిళ్ళు కాలికి తట్టుకుని బోర్లా పడి ఉంటే ఆ వీడియో ఇంకా దూరం వెళ్ళేది. మూడోది నాయనమ్మ. నేను రోడ్ల వెంట తిరుగుతుంటే ఆమెను ఎవరు చూస్తున్నారన్నావు. పక్కింటి రోజారమణి వచ్చి కాఫీ ఇచ్చి, నేను వచ్చేదాకా దగ్గర కూర్చుంటుంది. మీ నాయనమ్మ ఆమెకు నా మీద చాడీలు చెబుతుంది. ఇద్దరికీ బాగానే పొద్దుపోతోంది.

నేనేదో పొద్దున్నే నాలుగడుగులు వేసి వచ్చి, దానికే పోటీ అని పేరు పెట్టానని నువ్వు అనుకుంటున్నావు. కాదు. ఒంగోలులో పెద్దవయసు వాళ్ళకు పెడుతున్న పోటీల్లో పది కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చాను. మాకు నేర్పేది ఎవరో కాదు, మీ బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసిన మాలకొండయ్య సారే. రిటైరైనా ఆయన ఊరుకోలేక, రైల్వేలో చేసి దిగిపోయిన కొందరినీ నన్నూ పోగేసి పరుగెత్తిస్తున్నాడు. వారమంతా తేలిగ్గానే ఉంటుంది. శని, ఆదివారాలే అసలు పరీక్ష. శనివారం తెల్లవారుతుండగా బోగోలు దాటి రొయ్యల గుంటల పక్కగా జువ్వలదిన్నె సముద్రం దాకా వెళ్ళి, అదే కాళ్ళతో వెనక్కి రావాలి. ఆదివారం ఆ నొప్పులు తగ్గకముందే మళ్ళీ ఇసుకలో పరుగెత్తాలి. అలసిన కాళ్ళు మన మాట వినేది ఆ రెండో రోజే అంటాడు సారు. ఇసుకలోంచి వచ్చి, గబగబా నాలుగు చెంబులు పోసుకుని, రెండో గంట కొట్టేలోపు చర్చిలో కూర్చుంటాను. ఆరాధన మానేస్తున్నానని నీకు ఎవరు చెప్పారో గానీ, వాళ్ళకు ఆ మాత్రం పాపభీతి కూడా లేదు.

నేను బూట్లు వేసుకుంటుంటే మీ నాయనమ్మ రోజూ ఒకటే పాట. “నా కొడుకే ఉంటేనా, నీ కాళ్ళిరగ్గొట్టి మూల కూర్చోబెట్టుండేవోడు” అంటుంది. మీ నాన్న, జ్ఞానప్రకాశం మాస్టారు, అటువంటి మనిషి కాదని ఊరంతా ఒట్టు వేసి చెబుతుంది. ఆయన గురించి ఈ ఇంట్లో నిజం మాట్లాడేది కన్నతల్లి ఒక్కతే. ఆయన నా మీద ఏనాడూ చెయ్యి ఎత్తలేదమ్మా. ఆ అవసరం రానివ్వలేదు నేను.

ఇక జ్ఞాపకార్థ కూడిక సంగతి. మీ నాన్న పోయి ఏడాది నిండేది గురువారం. ఆ రోజే నలుగురినీ పిలిచి ప్రార్థన చేయిద్దామన్నాను. గురువారమైతే జనం రారని నువ్వూ పాస్టరు గారూ కలిసి ఆదివారానికి జరిపారు. అది నా పోటీ రోజని చెబితే, నీ జవాబు ఒకటే ముక్క: ‘నువ్వు తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చోకపోతే, నాన్నతో పాటు అమ్మ కూడా పోయిందనుకుంటాను.’ కింద, ఆ రోజు నువ్వు నాన్న గురించి మైకులో చెప్పబోయే సాక్ష్యం కూడా రాసి పంపావు. ‘మా అమ్మ నా పరుగు ఆపేసిన రోజు నన్ను గుండెకు హత్తుకుని ఓదార్చింది మా నాన్న’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. కాగితం మడిచి బైబిల్లో పెట్టాను. మీ నాన్న కోసం ఇన్నాళ్ళు మూసిన నోరు, ఇంకో ఆదివారం కూడా మూసుకుందామనే అనుకున్నాను. పోటీకి నా పేరు తీసేయమని సారుతో చెప్పాలనే నిన్న పొద్దున బయల్దేరాను.

శనివారం పరుగుకు ఒక నియమం ఉంది. పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పోవాలి. మాట ఆగిపోయిందంటే వేగం ఎక్కువైందని లెక్క. అందుకని ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి. నిన్న సారు నా పక్కన వచ్చాడు.

“మేడమ్, ఏమనుకోబాకండి. ఒకటి అడగాలని శానా నాళ్ళుగా ఉండాది” అన్నాడు.

“అడగండి సార్.”

“పాపని రాష్ట్రం క్యాంపుకి పంపమని అడిగేదానికి మీ ఇంటికొచ్చినా గదా. గేటుకాడ మీరే సరేనన్నారు. తీసకపోండి సార్, బాగా పరిగెత్తిద్ది అన్నారు. తెల్లారి వస్తే కుదరదన్నారు. అంతలోకే ఏమైంది?”

నేను ఏం చెప్పానో తెలుసా? “నాకే భయమేసింది సార్, ఆడపిల్ల గదా. వాళ్ళ నాన్న పంపిద్దామనే అన్నాడు” అన్నాను. తడుముకోలేదు. గొంతు కూడా మారలేదు.

“అదే అనుకున్నా. సారు బంగారం లాంటి మనిషి. మీరే కొంచెం గట్టిమనిషి” అని నవ్వినాడాయన.

మనిషి సమాధిలో పడుకుని ఏడాది కావస్తోంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. సారూ, చుట్టూ గుంటల్లో నీళ్ళూ తప్ప వినేవాళ్ళు కూడా లేరు. అయినా నా నోరు దానంతటదే ఆయన్ని కాపాడింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయన మీద కాదు, నా నోటి మీద. ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తాను. “మెల్లిగా మేడమ్, మళ్ళా ఎనక్కి రావాల” అని సారు కేకలేస్తూనే ఉన్నాడు. సరుగుడు తోటల దగ్గర పిక్కలు పట్టేసి ఇసుకలో కూలబడ్డాను. సారు వచ్చి కాలు పట్టి లాగుతుంటే ఏడ్చాను. నొప్పికి అనుకున్నాడు. షేర్ ఆటో ఎక్కించి ఇంటికి పంపాడు. పేరు తీసేయమని చెప్పడం మరిచేపోయాను.

ఈ పొద్దున ఆ పట్టేసిన కాళ్ళతోనే ఇసుకలో పరుగెత్తి, కుంటుకుంటూ చర్చికి వెళ్ళాను. వచ్చే ఆదివారపు కూడిక గురించి పాస్టరు గారు చెబుతూ, ఎవరినీ కాదనలేని మనసు జ్ఞానప్రకాశం గారిది అన్నారు. నిజమే. కాదనడానికి ఆయన నన్ను పెట్టుకున్నాడు.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. మన ఇంట్లో వద్దు అనే మాట ఎప్పుడూ వంటింట్లో పుట్టేది. ఆయన నెమ్మదిగా వచ్చి, గడపలో నిలబడి చెప్పి వెళ్ళేవాడు. కాసేపాగి హాల్లో నేను గట్టిగా అనేదాన్ని. నువ్వు చర్చిలో పాటలు పాడే క్వయర్ పిల్లలతో తంబళ్ళపల్లెకో, మద్రాసుకో పోతానంటే వద్దన్నది నేనే. నీ స్నేహితురాలి పెళ్ళికి రాత్రి ఉండొద్దన్నది నేనే. మా పుట్టింటి వాళ్ళు కొడవలూరు నుంచి వచ్చి నాలుగు రోజులు ఉంటామంటే ‘మా ఆవిడకు ఇబ్బందండీ’ అని ఆయన అంటుంటే, తల వంచుకుని నిలబడింది కూడా నేనే. మా అన్న ఆ తర్వాత మన గడప తొక్కలేదు.

క్యాంపు సంగతీ అంతే. సారుతో గేటు దగ్గర నేను సరేనన్నది నిజం. మీ నాన్న వంటింట్లోకి వచ్చి, “పిల్ల నిక్కరేసుకుని ఊళ్ళ మీద పరిగెడతా ఉంటే రేపు సంఘంలో నేనెట్ట నిలబడేది? కుదరదని నువ్వే చెప్పు. నేను చెబితే బిడ్డ నన్ను జన్మలో క్షమించదు” అన్నాడు. నన్ను క్షమిస్తుందా అని నేను అడగలేదు, ఆయనా ఆలోచించలేదు. నీ ముఖం మీద చెప్పాను. నువ్వు ఏడుస్తూ పోయి ఆయన భుజం మీద పడ్డావు. “మీ అమ్మ సంగతి తెలుసు గదమ్మా” అని ఆయన నీ వీపు నిమిరాడు. నిమురుతూ నా వంక చూశాడు. మెచ్చుకున్నట్టే చూశాడు మెర్లిన్. ఆ చూపు నేను మరిచిపోలేదు.

ఇది చదివి, చచ్చిపోయిన మనిషి తిరిగొచ్చి జవాబు చెప్పుకోలేడని రాస్తున్నావు అంటావు. అను. ఆయన నిన్ను ప్రేమించలేదని నేను అనడం లేదు. నీ ప్రేమ చెడకుండా ఉండేందుకు నన్ను ఖర్చు పెట్టాడు, అంతే. నీ సాక్ష్యంలో ఒక్క అక్షరం మార్చమని కూడా అడగను. నీకు తెలిసింది నువ్వు చెప్పు. ముందు వరసలో తెల్లచీరలో కూర్చుని దానికి తల ఊపడం మాత్రం నా వల్ల కాదు. గురువారం నాయనమ్మను చేయి పట్టుకుని సమాధి దగ్గరికి తీసుకెళ్ళి, పూలు పెట్టి, ప్రార్థన చేసుకుని వస్తాను. భార్యగా అంతవరకు చేస్తాను.

అమ్మ పోయిందనుకుంటానని నువ్వు ఊరికే రాయలేదని నాకు తెలుసు. అన్నంత పనీ చేస్తావు. ఆ మొండితనం నాలోంచే వచ్చింది. అందుకే భయపడుతూనే ఇది పోస్టులో వేస్తున్నాను. ఇన్నేళ్ళూ నీతో నేను చెప్పిన వద్దులన్నీ మీ నాన్నవి. ఈ ఒక్కటే నాది. ఆదివారం నేను రాను.

ఇట్లు,
మీ అమ్మ,
కరుణాకుమారి.