తలకిందుల రాజుగారు

బావగారికి,

మీ ప్రాచీన నాణెం వంశవృక్షం దొరికింది! పూర్వం ఎవరిదో తేలకపోతే పెట్టేది లేదని మ్యూజియంవాళ్ళు అన్నారుగా, ఇక గుండె చిక్కబట్టుకుని చదవండి.

మీకమ్మిన కొట్టువాడు కంసాలిని చూపించాడు. కంసాలి నాణెం చూడగానే పకపకా నవ్వాడు.

"రాజు గడ్డం కింద ఈ అతుకు చూశావా? గొలుసుకు వేలాడదీసే కొక్కెం అందరూ రాజు నెత్తిన పెట్టించుకుంటారు. ఒక్క ముసలమ్మ మాత్రం, 'వేసుకునేది నేను, వంగి చూస్తే నాకు నిటారుగా కనపడాలి' అని పట్టుబట్టింది. ఆమె పోయాక ఇంట్లోవాళ్ళు నాకమ్మేస్తే, కొక్కెం ఊడదీసి ఆ కొట్టుకు అమ్మింది నేనే."

ఆ ముసలమ్మ మా నాయనమ్మ! మా ఇంట్లో ఉన్న పాత ఫొటోలో ఆమె మెడలో రాజుగారు తలకిందులుగా వేలాడుతున్నారు. అత్తారింటి సొత్తును బజార్లో కొనుక్కొచ్చిన అల్లుడు మీరొక్కరే.

ఫొటో చూసి మ్యూజియంవాళ్ళు ఒప్పుకున్నారు. అక్క మాత్రం నాణేన్ని మెడలో వేసుకుని తియ్యనంటోంది. ఇక ఆమెనే అద్దాల పెట్టెలో కూర్చోబెట్టాలి. ఆ మాట మీరే చెప్పండి, నాకు ప్రాణమంటే తీపి.

మీ బావమరిది