తాలింపు వాసన రాని ఇల్లు

ఖరగ్‌పూర్,
14-3-1973

అమ్మకి నమస్కారం. మశూచి మీద పరిశోధన అంటే నువ్వు బెంగ పెట్టుకుంటావు గాని, నాకు ఏటీ కాలేదు, బాగున్నాను.

ఈ ఊళ్ళో మశూచి లేదని రాసి పంపేద్దామన్నారు మా పెద్ద డాక్టరు సేన్‌గుప్తా గారు. నేను ఆగమన్నాను. టీకాల వాళ్ళకి భయపడి, ఇక్కడ రైల్వే పనికొచ్చిన మన తెలుగువాళ్ళు అమ్మవారు పోసినా గుమ్మానికి వేపమండలు కట్టడం కూడా మానేసినారు. కానీ అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు వెయ్యరని నాయనమ్మ చెప్పేది కదా. అందుకని వంటల వేళ, మనవాళ్ళుండే న్యూ సెటిల్‌మెంటు వీధులన్నీ తిరిగినాను. పోలమ్మ అనే ఆవిడ ఇంట్లో పప్పు ఉడుకుతోంది, తాలింపు వాసన మాత్రం లేదు.

"పోపు పెట్టలేదేటమ్మా?" అని అడిగినాను. ఆవిడ ఏడుస్తూ తెర తీసింది. కూతురి ఒళ్ళంతా పొక్కులే.

"చుట్టుపక్కల టీకాలేస్తే అమ్మవారికి కోపమొస్తాది డాక్టరమ్మా."

"వస్తే నా మీదకి రమ్మను" అన్నాను. ఆ చుట్టూ అందరికీ టీకాలు వేసినాం. తరవాత ఇంకెవరికీ రాలేదు. వైద్య పత్రికకి పంపే వ్యాసంలో నా పేరే ముందు పెడతారట.

నాన్న దగ్గు తగ్గిందా? కఫం పరీక్ష వాయిదా వేస్తే నేనే బయల్దేరి వస్తానని చెప్పు. తమ్ముడి చేత చింతపండు పంపించు, ఇక్కడిది పులుపే లేదు.

నాయనమ్మకి దండాలు చెప్పి, ఈ మాట గట్టిగా చదివి వినిపించు. పిల్లకి తగ్గిందని నిన్న పోలమ్మ దాని తలకి నీళ్ళు పోసి నన్ను భోజనానికి పిలిచింది. నేను వెళ్ళేదాకా ఆగి, నా ఎదటే తాలింపు వేసింది.

నీ కూతురు,
హైమవతి